ఆనప విత్తనం కోసం కళింగపట్నం

చీపురుపల్లికి ఉదయం ఏడింటికి రావలసిన పాసింజరు ఏడూ నలభైకి వచ్చింది. ఎందుకింత ఆలస్యమని అడిగితే స్టేషనులో ఒక్కరూ తలెత్తి చూడలేదు.

నేను బయల్దేరింది ఆనప విత్తనం కోసం. మా అత్తగారి నాటి పొట్టి ఆనప అది. ఒక్క పాదు పెడితే నాలుగిళ్ళకు సరిపడా కాసేది. రెండేళ్ళ కిందటి తుఫానుకు పెరడు మునిగి పాదూ పోయింది, దాచిన గింజలూ పోయాయి. కొన్న పొట్లం ఒక కాపు కాసింది. ఆ కాయల గింజలు వేస్తే చేదుకాయలు వచ్చాయి.

మా విత్తనం ఇంకెక్కడైనా ఉంటే కళింగపట్నం ఎర్రమ్మ దగ్గరే ఉండాలి. ఎండుచేపలు అమ్మడానికి మా వీధికి వచ్చేది. నాలుగేళ్ళ కిందట గుప్పెడు గింజలిస్తే, "ఇవేటమ్మా, తాలుగింజల్లాగున్నాయి" అంది, అందరి ముందూ. ఆ మాట నేను మరిచిపోలేదు.

ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళంలో చల్లారిన సాంబారుతో ఇడ్లీ తిని, పదిన్నర బస్సెక్కాను. పక్క సీటు ముసలాయన నా పని విని నవ్వాడు.

"సముద్రం ఒడ్డున ఇసకలో ఆనప బతుకుతాదేటి తల్లీ!"

ఆ తరువాత కిటికీలోంచి వంశధార కనిపించినా చూడబుద్ధి కాలేదు.

పన్నెండు దాటాక చేరాను. ఎర్రమ్మ వల పరిచి చేపలు ఎండబెడుతోంది.

"ఓలమ్మ! ఇంత దూరం వచ్చీసినావేటమ్మా!"

విత్తనం అడగ్గానే లోపలినుంచి కుండ తెచ్చింది. "బద్రంగా దాసినాను. పురుగట్టకుండా ఉప్పులో ఏసినాను."

చెయ్యి పెట్టి చూశాను. చెమ్మగిల్లిన ఉప్పులో గింజలు నల్లబడి మెత్తగా ఉన్నాయి.

"ఉప్పులో ఏదీ సెడిపోదు కదమ్మా?"

"చేప మళ్ళీ మొలవక్కర్లేదు కదే! గింజకు బూడిద రాయాలి."

"ఆ ముక్క సెప్పినావేటి? ఆరోజు మూతి ముడుసుకుని లోపలికెళిపోనావు."

చేతికంటిన ఉప్పు దులుపుకున్నాను.

ఎర్రమ్మే నన్ను పాక వెనక్కి తీసుకెళ్ళింది. కప్పు మీద ఒక్క కాయ, ముదిరి ఎండిపోయి ఉంది. "నువ్విచ్చిన విత్తనం పాదుదే. మా ఆయన నీళ్ళబుర్ర సేసుకుంటానని ఉంచినాడు."

వల అల్లుకుంటున్న ఆయన తలెత్తకుండానే, "గింజలు నువ్వట్టుకెళ్ళు, బుర్ర నాకొగ్గీ" అన్నాడు.

మెడ దగ్గర కోసి గింజలు రాల్చాం. సగం తేలిగ్గా ఉన్నాయి. అవి తీసేసి గట్టివాటిని రెండు వాటాలు చేశాను. ఎర్రమ్మ వాటాకు నేనే పొయ్యిలో బూడిద రాసి, గుడ్డలో మూటగట్టి, పొగ తగిలే చోట వేలాడదీశాను.

సాయంత్రం రైల్లో కూర్చోవడానికి చోటు దొరకలేదు. కొంగున కట్టిన ముడి నలుగుతుందని ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఇవి మొలుస్తాయో లేదో తెలియదు. విత్తనం కోసం ఇలా తిరగకూడదంటే నేను చెప్పేది ఒకటే: ఇచ్చేటప్పుడు దాచే పద్ధతి కూడా చెప్పండి, ఎంత కోపంగా ఉన్నా. నావి మొలవకపోతే మళ్ళీ కళింగపట్నమే వెళ్ళాలి. ఈసారి అక్కడ ఉంటాయి.