కుడికి తిరగని కారు

సర్వేయరుగారు కారును కుడికి తిప్పగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆర్నెల్ల క్రితం కుడివైపు మలుపులో చక్రం దగ్గర టక్ టక్ మని చప్పుడు మొదలైంది. ఆ రోజు నుంచి ఆయనకు లోకంలో ఒకటే దిక్కు మిగిలింది, ఎడమ.

"ఎడమకి మూడుసార్లు తిరిగితే కుడికి ఒకసారి తిరిగినట్టే" అంటారాయన. ముప్పై ఏళ్ళు ఊళ్ళు కొలిచిన మనిషికి ఎవరు ఎదురు చెబుతారు? కుడిపక్క వీధిలోనే ఉన్న కూరగాయల దుకాణానికి వెళ్ళాలంటే ఆయన రైల్వే స్టేషను చూపించి మరీ తీసుకెళ్ళేవారు. ఆయన భార్య వీధి చివరే దిగిపోయేది. "మీరు ఊరు చుట్టి రండి. ఈలోగా నేను కూరలు కొనేసి ఉంటాను." ఆయన చేరేసరికి ఆవిడ సంచులు పట్టుకుని నిలబడి ఉండేది.

అలాంటి ఇంటికి లిఫ్టులు బాగుచేసే కుర్రాడు అల్లుడుగా వచ్చాడు. చప్పుడు వినబడితే అన్నం సహించని ఉద్యోగం అతనిది.

"మావయ్యగారూ, ఆ చప్పుడేమిటో చూద్దామండీ."

"వద్దు బాబూ. దాని మానాన దాన్ని పోనీ. మనం కుడికి తిప్పకపోతే అది నోరెత్తదు."

"చక్రం ఊడొస్తేనో?"

"ఎడమకే ఊడొస్తుందిలే."

అల్లుడు వినలేదు. ఆదివారం పొద్దున్నే మామగారిని ఖాళీ మైదానానికి తీసుకుపోయాడు. స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పించి నెమ్మదిగా గుండ్రంగా నడపమన్నాడు. తను నడుం వంచి, చెవి చక్రం వైపు పెట్టి, కారు పక్కనే పరిగెత్తాడు. నడకకు వచ్చిన పెద్దమనుషులు ఆగిపోయారు.

"ఏం పోయిందండీ?"

"చప్పుడు! ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుకుతున్నాం!"

చెవులు సరిగా వినబడని ఒకాయన చెప్పు పోయిందనుకుని గడ్డిలో వెతకడం మొదలుపెట్టాడు. ఆయనకు తోడు ఇంకో ఇద్దరు వంగారు. చప్పుడు ముందు చక్రం దగ్గరే అని అల్లుడు తేల్చేసరికి మైదానంలో రెండు చెప్పులు, ఒక తాళం చెవి దొరికాయి.

మెకానిక్ బండిని పైకి లేపి, చక్రం వెనక చెయ్యి పెట్టి, నల్లటి వేళ్ళు బయటికి తీశాడు. "కుడికి తిప్పితే మోగుతుంది గానీ సార్, జబ్బు ఎడమ చక్రానిది. ఇదిగో, కీలు మీది రబ్బరు తొడుగు చిరిగింది. గ్రీజంతా కారిపోయి దుమ్ము దూరింది. కీలు అరిగిపోయింది. ఇలాగే తిప్పితే ఏదో ఒక రోజు నడిరోడ్డు మీద ఇంజను తిరుగుతుంది, చక్రం తిరగదు."

కొత్త కీలు బిగిస్తుంటే సర్వేయరుగారు పెళ్ళికూతుర్ని సాగనంపే తండ్రిలా నిలబడ్డారు. చివరికి మెకానిక్ దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి అడిగారు. "దీన్ని కూడా కొంచెం మోగేలా బిగించలేవూ?"

మెకానిక్ తన ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆ కోరిక వినలేదు.

మర్నాడు మామగారు కారు తీస్తే అల్లుడు వెనక సీటెక్కాడు. కారు ఎడమకి తిరిగింది. మళ్ళీ ఎడమకి. మళ్ళీ ఎడమకి.

"మావయ్యగారూ! బాగైంది కదండీ!"

సర్వేయరుగారు ఒక ఇరుకు సందులో కారాపి, అల్లుడి మొహం చూడకుండా చెప్పారు. "ఈ ఇంట్లో టైలరుగారుంటారు. మోకాలి ఆపరేషనైంది. వారానికి మూడు రోజులు ఆసుపత్రికెళ్ళి వ్యాయామం చెయ్యాలి. ఎవరిదీ ఊరికే తీసుకోడు. ఎక్కమంటే ఎక్కడు. మా కారు కుడికి తిరగదు, ఎలాగూ ఈ సందులోంచే పోవాలి అని చెప్పాకే ఎక్కాడు."

ఇంతలో టైలరు చేతికర్రతో గుమ్మంలోకి వచ్చాడు.

"బండి బాగైందటగా సర్వేయరుగారూ? మెకానిక్ చొక్కాలు కుట్టేది నేనే. చెప్పాడు. ఇక మీకు ఈ సందుతో పనిలేదు. నేను నడిచిపోతాలెండి."

కర్ర తాటించుకుంటూ నిజంగానే బయలుదేరాడు. ఒక అబద్ధాన్ని ఆర్నెల్లు నడిపిన సర్వేయరుగారికి రెండోది దొరకలేదు.

అల్లుడు తల బయటికి పెట్టాడు. "బాగైందని ఎవరన్నారండీ? మావయ్యగారూ, ఒక్కసారి కుడికి తిప్పండి, ఆయనే వింటారు."

తల చటుక్కున లోపలికి పోయింది. స్టీరింగు తిరిగింది. కారు అడుగు వేసింది. వెనక సీట్లోంచి వినిపించింది. టక్... టక్... టక్. వేగం పెరిగేకొద్దీ టకటకటక. అల్లుడు పనిమంతుడు.

టైలరు ఆగి, శ్రద్ధగా విని, కిటికీ దగ్గరికి వచ్చాడు.

"నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కాను నాయనా. మోగేది ఇనుమో నాలుకో ఆమాత్రం తెలీదా?"

కారుతో పాటు వెనక సీట్లో టకటకా ఆగిపోయింది.

"మీ మామగారు నన్ను దింపాక ఆసుపత్రి గేట్లోంచి ప్రతిసారీ కుడికే పోతారు. టకటకా మోగించుకుంటూ మరీ. పై అంతస్తు కిటికీలోంచి ఆర్నెల్లుగా చూస్తూనే ఉన్నా. ఆయన వచ్చినంత కాలం రానిద్దామని ఊరుకున్నా." పక్క సీటు తలుపు తీసి, కర్ర లోపల పెట్టి, మెల్లగా కూర్చున్నాడు. "ఇంత అవస్థ పడుతున్నారు, ఇంకా మొండికేస్తే బాగుండదు. పదండి."

సర్వేయరుగారి చెవులు ఎర్రబడ్డాయి. టైలరు అద్దంలోంచి వెనక సీటు వైపు చూసి మొహం చిట్లించాడు.

"ఆ చొక్కా భుజం కుట్టిన మహానుభావుడెవరు? సాయంత్రం నాకు తెచ్చివ్వు, సరిచేస్తా. ఊరికే. కాదన్నావో, ఇప్పుడే దిగిపోతా."

కారు సందు దాటేలోపు అల్లుడు రెండు గుండీలు విప్పేశాడు.