మంచికి మరో మాట

మా తెలుగు మాస్టారు పోయారని పోయిన శుక్రవారం చెల్లెలు ఫోన్ చేసింది. మసీదు మైకులో చెప్పారట. నేను ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ఆఖరిచూపు దక్కలేదన్న బాధ ఇంకా పోలేదు.

రిటైరయ్యాక ఆయన మా ఊళ్లోనే ట్యూషన్ చెప్పేవారు. ఆయనకు పడని మాట ఒక్కటే, 'మంచి'. అది విశేషణమనీ, అబ్బాయి ముందైనా అమ్మాయి ముందైనా, ఒక్కరికైనా పదిమందికైనా మారదనీ ముచ్చటగా చెప్పింది ఆయనే. అయినా వ్యాసంలో కనబడితే ఎర్ర సిరాతో సున్నా చుట్టేవారు.

"ఎద్దు మంచిదంటే బలమైందా, సాధువా? విత్తనం మంచిదంటే మేలైందా, కల్తీ లేనిదా? చూసి రాయాలమ్మా, ఊరికే పారేస్తే ఎట్టా?"

మేలైన, నాణ్యమైన, యోగ్యమైన అని నోట్సులో వరుసగా రాసుకునేవాళ్లం. నేనోసారి 'సర్వశ్రేష్ఠమైన' అని రాసి మురిసిపోతే, "మాట పెద్దది, పని తక్కువ" అని కొట్టేశారు. ఆయన్ని చాటుగా తిట్టుకున్నాను కూడా.

పదో తరగతి తెలుగు పరీక్ష నాడు పొద్దున్నే మబ్బు పట్టింది. మా మిరపకాయంతా కళ్లంలో ఉంది. వాన పడేలోపు రంగుపోయిన తాలుకాయలు ఏరేసి మిగతావి బస్తాలకెత్తాలి. కూలీలు దొరకలేదు.

"పరీక్ష మళ్లీ రాసుకోవచ్చు. కాయ తడిస్తే ఏడాది కష్టం పోద్ది. కూర్చో" అన్నాడు నాన్న. ఆయన్ని తప్పుపట్టలేను, అంతకు ముందేడు పత్తి పోయింది. ఏడుస్తూ కూర్చున్నాను.

పరీక్షకు తీసుకెళ్లే బస్సు దగ్గర నేను కనబడక మాస్టారు కళ్లానికే వచ్చారు. నాన్నతో వాదించలేదు. లుంగీ ఎగ్గట్టి నా పక్కన గోనెపట్టా మీద కూర్చున్నారు.

"అమ్మాయి బదులు నేనేరతానయ్యా. బస్సు పోద్ది, పంపించు."

"మీకేం చేతనవుద్ది మాస్టారూ!"

"చెబితే నేర్చుకుంటా."

నాన్న నా ముందున్న కాయల్ని మాస్టారి ముందుకు నెట్టి, "పోవే" అన్నాడు. ఆ రోజు మాస్టారు రాకపోతే నా చదువు అక్కడితో సరి. ఇవాళ నేనూ బళ్లో పాఠం చెబుతున్నానంటే ఆ పూట చలవే.

తిరిగొచ్చేసరికి ఎండ కాస్తోంది. మాస్టారు ఇంకా అక్కడే ఉన్నారు. ఆయన తాలులో వేసిన ఎర్రకాయల్ని అమ్మ నవ్వుకుంటూ మళ్లీ ఏరుతోంది. ఘాటుకు ఆయన కళ్లు ధారగా కారుతున్నాయి. చేతులు మండుతుంటే తుడుచుకోలేకపోతున్నారు.

"ఎట్టా రాశావమ్మా?" అన్నారు.

చెంబుతో నీళ్లు ఆయన నోటికందించి, ఓణీ చెంగుతో ఆయన కళ్లు తుడిచాను.