చేట ముందు పాఠం

"ఏమోయ్, ఇవాళ నీ చెయ్యి ఆగలేదే?" అన్నారు మా ఆయన చెప్పులు వేసుకుంటూ. "ఏరడానికి రాళ్లుంటేగా ఆగడానికి! ప్యాకెట్ బియ్యం తెచ్చి పడేశారు" అన్నాను. నవ్వుకుంటూ వెళ్లారు. మధ్యాహ్నం క్లాసులోనే గుండె ఆగిపోయింది. మా ఇద్దరి చివరి మాటలు అవే. ఇప్పుడు ఆయన శిష్యులు ఆయన మీద పుస్తకం వేస్తూ, నన్నూ నాలుగు ముక్కలు చెప్పమన్నారు. నాకు సంతకానికి మించి రాయడం రాదు. అందుకే మా మరిది కూతురు గ్రేటర్ నోయిడా హాస్టల్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. నేను చెబుతున్నాను, అది రాస్తోంది.

ఇక్కడ రాజధానిలో, కటవారియా సరాయ్ అనే పేటలో సివిల్స్ రాసే పిల్లలకు ఆయన రాజకీయ తత్వం చెప్పేవారు. ఏ పాఠమైనా ముందు నా దగ్గరే పరీక్ష. నేను చేటలో బియ్యం ఏరుతుంటే, ఎదురుగా పీట వేసుకుని మొదలుపెట్టేవారు. మాట తగిలితే రాళ్లేరే నా చెయ్యి దానంతటదే ఆగిపోయేది. ఆగితే పాఠం కుదిరినట్టు. ఆగకపోతే మళ్లీ మొదటికి. తత్వం ముదిరి ఎసరు ఇగిరిపోయిన రోజులూ ఉన్నాయి. దేశం కాని దేశంలో ఎవరో, ఎప్పుడో పోయినవాడు, మనుషులు అన్నిటికీ కొలతలు పెట్టి, కొలతకు అందనిది లేనే లేదంటున్నారని దిగులుపడ్డాడట. ఆ దిగులు సముద్రాలు దాటొచ్చి, ఇరుకు వంటింట్లో నా వేళ్లు పట్టుకుని ఆపేస్తుంటే ఒళ్లు జలదరించేది. మెట్రోలో మొదటిసారి భూమి కిందికి దిగినప్పుడు కూడా నేనంత విస్తుపోలేదు.

ఆయన పోయిన రోజు పొద్దున చెప్పిన ఆ చివరి పాఠం కొత్త కాలాన్ని తప్పుపట్టిన పెద్దల గురించి. యంత్రాలూ ఆఫీసులూ మనిషిని కూడా ఓ మరను చేశాయన్నారట వాళ్లు. "అయితే వెనక్కి పొమ్మంటారా?" అన్నాను ప్యాకెట్ చింపుతూ. "అదేనోయ్ చిక్కు. వెనకున్నదంతా బంగారం కాదు, ముందున్నదంతా వెలుగూ కాదు. మరి మనిషి ఎక్కడ నిలబడాలి?" అన్నారు. "నాకు పొయ్యి దగ్గర తప్ప ఇంకెక్కడ నిలబడే తీరికుంది!" అని ఎసట్లో బియ్యం పోసేశాను.

పదో రోజున మా ఆడపడుచు నన్ను కూర్చోబెట్టి, కళ్లనీళ్లతోనే నా గాజుల మీద చెయ్యి వేసింది. గుమ్మంలో నిలబడ్డ ఆయన శిష్యురాలు ఊరుకోలేకపోయింది. "ఛోడియే ఆంటీ, ఇవన్నీ పాత చెత్త! లేవండి, రేపట్నుంచి మామూలుగా ఉండండి."

"చెత్తటమ్మా? మీ చదువుల్లో మనిషి పోతే ఏడవడానికి సెలవిస్తారా?" అంది ఆడపడుచు.

ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. ఆ పిల్ల మాట వింటే నాకు ఏడుపు మిగలదు, ఈవిడ మాట వింటే గాజులు మిగలవు. ఆయన నా ముందు పెట్టి వెళ్లిన ప్రశ్న ఇదే కదా అని అప్పుడు తట్టింది. "గాజులుండనీ వదినా. నువ్వు మాత్రం నా పక్కన కూర్చుని ఏడు" అన్నాను. గాజుల మీద ఆవిడ చెయ్యి ఆగిపోయింది. అచ్చం చేటలో నా చెయ్యి ఆగినట్టే. కాసేపటికి గుమ్మంలోని పిల్ల కూడా వచ్చి మా మధ్య కూలబడి, అందరికంటే గట్టిగా ఏడ్చింది.

మాట చెప్పడానికి ఎంతోసేపు పట్టదు, తగలడానికి మాత్రం ఒక్కోసారి చెప్పిన మనిషి ఆయుష్షు కూడా చాలదు కాబోలు. ఉండవే, సందు చివర కొట్లో విడి బియ్యం తెచ్చిపెట్టాను, చేటలో పోసుకుంటాను. ఊఁ, ఇప్పుడు నువ్వు రాసింది మొదట్నుంచీ చదువు.