మేడమ్ గారు వెనక్కి తీసుకున్న పేపర్

మా మేడమ్ గారు పోయారని పోయిన వారం ఫోన్ వచ్చింది. రాజమండ్రి కాలేజీలో నాకు పరిశోధన నేర్పిన గురువు ఆవిడ. రెండు రోజులకే సంతాప సభ పెట్టారు. అక్కడి నుంచి తల దించుకుని వచ్చాను, ఇప్పటికీ ఎత్తలేకపోతున్నాను.

వేదిక మీద పెద్ద ఫ్లెక్సీ. ఆవిడ ఫొటో కింద, నోటి క్యాన్సర్‌లో కీలకమైన ప్రోటీన్‌ను గుర్తించిన శాస్త్రవేత్త అని వేయించారు. ఆ మాట నిజం కాదు. కాదని లోకానికి చెప్పింది మేడమ్ గారే.

మన కణాలు ఎప్పుడు రెండుగా విడిపోవాలో, ఎప్పుడు ఆగాలో అదుపు చేసే ప్రోటీన్ అది. దాని ముక్కను కుందేలుకు ఎక్కిస్తే, కుందేలు రక్తంలో దాన్ని పట్టుకునే యాంటీబాడీలు పుడతాయి. ఏ కణాల్లో ఆ ప్రోటీన్ ఉన్నా పరీక్షలో గీతగా చూపించేవి అవే. ఒక రకం కాదు, రకరకాలు. కొన్ని పొరపాటున వేరే ప్రోటీన్‌కు అంటుకుంటాయి. "జాతరలో ఎర్రచీర చూసి మన అత్తయ్యే అనుకున్నట్టమ్మా. మొహం చూడాలి కదా," అనేవారు మేడమ్ గారు.

ఆ యాంటీబాడీల సీసా ఉండే ఫ్రిజ్‌లో మేం మజ్జిగ గ్లాసు పెడితే కేకలేసేవారు. తన కళ్ళజోడు మాత్రం అందులోనే మర్చిపోయి ల్యాబంతా వెతికేవారు.

నోటి క్యాన్సర్ కణాల్లో ఆ గీత కనబడిందని రాసిన మా పేపర్ అచ్చయి అందరూ మెచ్చుకున్నాక ఆ సీసా అడుగంటింది. ఇంకో కుందేలు నుంచి తీసిన కొత్త సీసా తెప్పిస్తే, మాకు అంతకుముందు కనబడిన గీత కనబడలేదు. కొత్త సీసాయే పాడైందన్నాను నేను. మేడమ్ గారు ఆ ప్రోటీన్ అసలు లేని కణాలు సంపాదించి, పాత సీసాలో మిగిలిన చుక్కలతో పరీక్ష చేశారు. గీత వచ్చింది.

"లేనిచోట కూడా ఉందంటోందమ్మా ఇది. పేపర్ వెనక్కి తీసేసుకుందాం."

"పేరు పోతుందేమోనండి."

"పోనీ. అబద్ధం మీద ఉండే పేరు ఎందుకు?"

సభలో వక్తలంతా ఆ పేపర్నే పొగిడారు. ప్రిన్సిపాల్ గారు మైకు నా చేతికిచ్చి, "అందులో మీ పేరు కూడా ఉందటగా, దాని గురించి నాలుగు ముక్కలు చెప్పండమ్మా," అన్నారు. ఆవిడ చాలా గొప్పవారండి అని, తేలు కుట్టిన దొంగలా వచ్చి కూర్చున్నాను. పోయినవాళ్ళ తప్పు ఎత్తకూడదు కదా అని సర్దిచెప్పుకున్నాను. అది ఉత్త సాకు. నేను కాపాడుకున్నది నా పేరు. ఆవిడ చేసిన అన్ని పనుల్లోకీ పెద్ద పనిని ఆవిడ ఫొటో ముందే దాచేశాను.

హాలు ఖాళీ అయ్యాక ఆవిడ భర్త నా దగ్గరకు వచ్చారు. ఆయన గొంతులో కోపం లేదు.

"ఆ పేపర్ వెనక్కి తీసుకున్న రోజు మీ మేడమ్ పాట పాడుకుంటూ వంట చేసిందమ్మా. ఆ సంగతి నువ్వు చెప్తావేమో అనుకున్నాను."

ఆయన ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి ఫ్లెక్సీ ముడి విప్పసాగారు. ఒక పక్క ఊడి, మేడమ్ గారి మొహం మధ్యకు మడతపడింది. అది నేల తగలకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను, పైన ఆయన రెండో ముడితో తంటాలు పడుతున్నారు.