శనివారం పావుగంట

మా తమ్ముడు పరుగెత్తేవాడు. ఈ మాట చెప్తే ఇప్పటి పిల్లలు "ఏ గ్రౌండులో?" అని అడుగుతారు. గ్రౌండులో కాదు. నిజాం సర్కారులో తప్పాలు మోసే నౌకరీ వాడిది. తప్పాలంటే ఉత్తరాల సంచి. దాన్ని భుజాన వేసుకొని, గజ్జెలు కట్టిన కర్ర చేతబట్టుకొని మెదక్ నుంచి రైలు స్టేషన్‌కు పది మైళ్ళు పోవాలి. రైల్లో వచ్చిన సంచి తీసుకొని మళ్ళీ పది మైళ్ళు రావాలి. కోడి కూయకముందు పోయినవాడు బడి గంట వేళకు ఊళ్ళో ఉండేవాడు. దూరం నుంచి గజ్జెల చప్పుడు వినపడగానే అంగళ్ళవాళ్ళు లేచి, తమకేమైనా కార్డు ముక్క వచ్చిందేమోనని తప్పాలు ఆఫీసు దిక్కు నడిచేవాళ్ళు.

నేను మిషన్ బడిలో లెక్కల పంతులమ్మను. అమ్మానాయనలు ఒకే వారంలో కలరాతో పోయారు. అప్పటికి వాడు నా నడుము ఎత్తు కూడా లేడు. నేనే పెంచాను. పెంచినవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. పిల్లవాడి కడుపులో ఏముందో వాడికంటే తమకే బాగా తెలుసనుకుంటారు. వాడికి మీసాలు వచ్చినా నాకు ఆ జబ్బు తగ్గలేదు.

మా బడి డ్రిల్లు మాస్టారు ఒకరోజు స్టేషన్ నుంచి సైకిల్ మీద వస్తూ వాడితో పాటు తొక్కారట. ఊరు చేరేసరికి మాస్టారు ఆయాసపడుతున్నారు, వీడు సంచి దించి మంచినీళ్ళు అడుగుతున్నాడు. మాస్టారు నేరుగా మా ఇంటికి వచ్చి, "అమ్మా, వీణ్ణి ఇక్కడ ఉంచొద్దు. లండన్‌కు పంపాలె" అన్నారు. లండన్‌లో ఒలింపిక్స్ జరగబోతున్నాయని, అందులో ఇరవై ఆరు మైళ్ళ పరుగు ఒకటుందని, దాని పేరు మారథాన్ అని నాకు ఆ రోజే తెలిసింది. హైదరాబాద్‌లో ముందు ఒక పందెం పెడతారు, అందులో ముందొచ్చిన వాళ్ళను పెద్ద పందానికి పంపుతారు, అక్కడా గెలిస్తే ఓడ ఎక్కడమే. మాస్టారు పట్నానికి ఉత్తరం రాశారు. జవాబు వచ్చింది. వట్టి మాటలు చాలవు, నాలుగు వారాల పాటు రోజూ ఆ పది మైళ్ళకు ఎంతసేపు పట్టిందో సర్కారు చీటీలతో సహా రాసి పంపమన్నారు. దాంతోపాటు ఠాణా నుంచి చాల్‌చలన్ కాయితం కావాలన్నారు. మనిషి నడత మంచిదేనని పోలీసు అమీను రాసిచ్చే కాయితం అది. అది లేనిదే సర్కారు నౌకరు ఊరు దాటకూడని రోజులవి.

తమ్ముడు ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచుకున్నాడు. వాడు ఏదైనా కావాలని అడగడం నేను చూడలేదు. అప్పుడు మాత్రం, "అక్కా, నువ్వే రాయాలె. నీ రాత మంచిగుంటది" అన్నాడు.

రాయడం కష్టమేం కాదు. స్టేషన్ బాబు సంచి ఇచ్చేటప్పుడు చీటీ మీద టైమ్ వేస్తాడు. ఇక్కడ తప్పాలు బాబు సంచి అందుకొని, గోడ గడియారం చూసి దాని కిందే ఇంకో టైమ్ వేస్తాడు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి నోటుబుక్కులో ఎక్కించడమే నా పని. మా ఊళ్ళో ఆ గోడ గడియారం మాటే మాట. బడి గంట కూడా దాన్ని చూసి వచ్చే కొట్టేవాళ్ళం.

ఇరవై మైళ్ళు నౌకరీలోనే అయిపోతాయి, మిగతా ఆరు ఎట్లా? సంచి అప్పజెప్పి, కర్ర మూలకు పెట్టి, కౌడిపల్లి తొవ్వలో మూడు మైళ్ళు పోయి వచ్చేవాడు. అక్కడ మొదలైంది గొడవ.

రజాకార్ల కాలం. నల్లగొండ దిక్కున తుపాకులు పేలుతున్నాయని, నిజాం మీద తిరగబడ్డ సంఘపోళ్ళు రాత్రి ఒక ఊళ్ళో తిని పొద్దున ఇంకో ఊళ్ళో లేస్తారని చెప్పుకునేవాళ్ళు. మా ఊళ్ళో కొత్తమనిషి దగ్గినా ఎందుకు దగ్గాడని ఆరా తీసే రోజులు. గజ్జెలు మోగించుకుంటూ సంచితో ఉరికినంతకాలం మా తమ్ముడు సర్కారు మనిషి. సంచి లేకుండా, గజ్జెలు లేకుండా, చప్పుడు చేయకుండా ఉరికేసరికి జనానికి వాడు ఇంకెవరో అయిపోయాడు.

"సంచి ఉంటె ఉరకాలె. సంచి లేకుండ గీడెందుకు ఉరుకుతుండు పంతులమ్మా?" అని ఉప్పు కొనబోతే షావుకారు అడిగాడు.

"పందెం ఉంది. లండన్‌ల" అన్నాను.

"లండన్ దాక ఉరుక్కుంటనే పోతడా?" అని అంగడంతా నవ్వింది. మరో వారానికి ఆ నవ్వు లేదు. నేను పోతే మాటలు ఆపి ఉప్పు తూచడం మొదలుపెట్టారు.

వాళ్ళ సంగతి వదిలేయండి. ఊరి నోరు ఎవరు మూయగలరు? నా సంగతి చెప్తాను. నాకు అనుమానం ఊరి నుంచి రాలేదు. నా నోటుబుక్కు నుంచే వచ్చింది.

మొదటి వారం సోమవారం గంటా పది నిమిషాలు. చాలా బాగుంది. బుధవారానికి ఇంకాస్త పట్టింది. శనివారం గంటా ఇరవై మూడు. పాపం అలసిపోయాడు అనుకున్నాను. రెండో వారం కూడా అంతే. సోమవారం గుర్రం, శనివారం గాడిద. మూడో వారమూ అదే తీరుగా నడిచేసరికి బుక్కు మళ్ళీ మొదటి పేజీకి తిప్పాను. పది మైళ్ళు రోజూ అవే పది మైళ్ళు. కాళ్ళు అవే. మరి వారం చివర్న పావుగంట ఎక్కడికి పోతోంది?

వీడు తొవ్వలో ఎక్కడో ఆగుతున్నాడు. ఎవరినో కలుస్తున్నాడు. సంఘపోళ్ళ చీటీలు మోస్తున్నాడు.

సోమవారం ఎందుకు సరిగ్గా వస్తున్నాడన్న ప్రశ్నకు కూడా నా దగ్గర జవాబు తయారుగా ఉంది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఆదివారం చర్చిలో ప్రసంగం వింటాడు, సోమవారం భయభక్తులతో ఉంటాడు, వారం గడిచేకొద్దీ భక్తి కరిగి పాత బుద్ధి బయటికొస్తుంది, మళ్ళీ ఆదివారం వస్తుంది. లెక్క ఎంత బాగా కుదిరిందో! పిల్లలకు లెక్క తప్పితే బెత్తం తీసేదాన్ని. నా లెక్కకు మాత్రం నేనే పూర్తి మార్కులు వేసుకున్నాను.

అనుమానం వచ్చాక ఆధారాలకు కరువా? వాడి అంగీకి బీడీ వాసన వచ్చింది. వాడు బీడీ తాగడు. "స్టేషన్ల హమాలీల పక్కన కూసుంట గదా అక్కా" అన్నాడు. మడమలకు నల్లమట్టి అంటింది. స్టేషన్ బాటంతా ఎర్రమొరం. "కౌడిపల్లి తొవ్వల బాయి కాడ నీళ్ళు తాగిన" అన్నాడు. ప్రతిదానికీ జవాబుంది. అన్నిటికీ జవాబులున్నవాణ్ణి చూస్తే నాకు మరింత మండింది.

ఒకరోజు అన్నం ముందు కూర్చోబెట్టి అడిగేశాను.

"ఏడ ఆగుతున్నవ్ రా?"

"యాడ ఆగుతలేనక్కా."

"మరి శనివారం పావుగంట ఏమైతుంది?"

"నాకేమెరుక? నా కాళ్ళకైతె సోమారం, శనివారం ఒక్క తీర్గనే ఉంటున్నయి."

"కాళ్ళ మాట నమ్మాల్నా, కాయితం మాట నమ్మాల్నా?"

వాడు నా మొహంలోకి చూసి, తల వంచుకొని అన్నం కలుపుకున్నాడు. ఆ తర్వాత ప్రతి పూటా అడిగాను. ప్రతి పూటా ఆగలేదనే చెప్పాడు.

నాలుగో వారం శనివారం వాడు ప్రాణం పెట్టి ఉరికినట్టున్నాడు. తప్పాలు ఆఫీసు మెట్ల మీద సంచి దించి, గోడ పట్టుకొని కక్కుకున్నాడు. నేను బుక్కు పట్టుకొని పక్కనే ఉన్నాను. చీటీ చూశాను. గంటా ఇరవై రెండు. ఒక్క నిమిషం తగ్గింది. "నా దగ్గరనా నాటకాలు?" అన్నాను. పెదవులు తుడుచుకుంటూ వాడు నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ మరపు రాలేదు.

ఆ సాయంత్రమే అమీను కాయితం సంగతి తేల్చడానికి తప్పాలు ఆఫీసుకు వచ్చాడు. ఆయన కుర్చీలో కూర్చోగానే తప్పాలు బాబు లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. చెవులున్నవాళ్ళు ఆ రోజుల్లో చేసే పని అదే. తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అమీను నా నోటుబుక్కు పేజీ పేజీ తిప్పాడు. మొద్దు మనిషేం కాదు. నేను మూడు వారాలకు పట్టుకున్నదాన్ని ఆయన మూడు నిమిషాల్లో పట్టుకున్నాడు.

"పంతులమ్మా, నువ్వు అబద్ధమాడవని ఊరంత అంటది. జర చెప్పు. శనివారం శనివారం ఈ పావుగంట ఏడ పోతుంది?"

వారమంతా ఉరికి అలసిపోతున్నాడు సాబ్ అంటే అయిపోయేది. అది అబద్ధం కూడా కాదు, నాకు మొదట తోచిన మాటే. కానీ నాకు భయంగా ఉంది. ఇట్లాగే వదిలేస్తే ఏదో ఒకరోజు వీణ్ణి చెట్టుకు కట్టి కాల్చేస్తారని భయం. కోపంగానూ ఉంది. చేతులతో పెంచిన నాకే అబద్ధం చెప్తాడా అని. అబద్ధమాడని పంతులమ్మనన్న గర్వం ఒకటి పైన.

"తెల్వదు సాబ్" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "నేను గూడ అడిగిన. చెప్తలేడు" అన్నాను.

అమీను బుక్కు మూసి నా చేతికిచ్చాడు. కాయితం రాలేదు. సంచి కూడా పోయింది. తెల్లారి నుంచి తొవ్వ మీదికి పోవద్దు, ఆఫీసులో కూర్చొని ఉత్తరాల మీద ముద్రలు కొట్టాలి, ఆదివారం కూడా హాజరీ ఇవ్వాలి అని హుకుం. పోనీలే, ప్రాణమైతే దక్కిందని నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

పట్నంలో పందెం జరిగిన రోజు వాడు ముద్రలు కొడుతున్నాడు. ఆ చప్పుడు రోడ్డు మీదికి వినపడింది. కొన్నాళ్ళకు లండన్‌లో ఒలింపిక్స్ కూడా అయిపోయాయి. సంచి మోయడానికి పెట్టిన కొత్త మనిషి ఎద్దుబండి ఎక్కి వచ్చేవాడు, మధ్యాహ్నం దాకా ఉత్తరాలు ఉండేవి కావు. తమ్ముడి పిక్కలు మెత్తబడ్డాయి. బైబిల్లో మడతల ఉత్తరం అట్లాగే ఉంది. నేను తీయలేదు, వాడూ తీయలేదు.

వానాకాలం చివర్న యూనియన్ మిలటరీ వచ్చింది. నాలుగు రోజుల్లో నిజాం సర్కారు లేకుండా పోయింది. అమీను ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. తప్పాలు బాబు పరేషాన్‌గా, ఎవరిని చూసినా లేచి నిలబడుతూ ఆఫీసులోనే ఉన్నాడు. ఆగిపోయిన ఉత్తరాలన్నీ ఒక్కసారి వచ్చి కుప్ప పడ్డాయి. ఆ ఆదివారం చర్చికి పోతూ పోతూ, నాకేమైనా వచ్చిందేమోనని ఆఫీసు మెట్లెక్కాను. ఎన్నో ఏళ్ళలో ఆదివారం పొద్దున నేను అక్కడ ఉండడం అదే మొదలు.

చర్చిలో ఎనిమిది గంటల ఆరాధనకు గంట మోగింది. తప్పాలు బాబు చేతిలో ఉత్తరాలు పక్కన పెట్టి, గడియారం కిందికి స్టూలు జరుపుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే మా తమ్ముడు లేచి స్టూలు పట్టుకున్నాడు. పెద్దముల్లు మూడు దాటి ఉంది. బాబు దాన్ని వెనక్కి, వెనక్కి తిప్పి పన్నెండు మీద పెట్టాడు.

"ఎందుకు తిప్పుతున్నరు సాబ్?" అన్నాను.

"తేజ్ నడుస్తది పంతులమ్మా. దినాం రెండున్నర నిమిషాలు ఎక్కువ ఉరుకుతది. ఆయితారం మీ చర్చి గంటకు మల్ల ఎనుకకు పెడుత. ఎన్నేండ్ల సంది గిదే పని. ఊరంత ఎరుకే గద, మీకు తెల్వదా?"

మాకు తెలియదు. ఆ గంట మోగే వేళకు మేం చర్చిలో మోకాళ్ళ మీద ఉంటాం. నేనూ, వాడూ. ఆదివారం సరిచేసిన గడియారం శనివారానికి పావుగంట ముందుకు పోయేది. స్టేషన్ గడియారాన్ని మాత్రం రోజూ తంతి మీద వచ్చే టైమ్‌తో సరిచేసేవాళ్ళు. అక్కడి టైమ్‌ను ఇక్కడి టైమ్‌లోంచి తీసేసి, మిగిలింది నా తమ్ముడి పాపం అనుకున్నాను. వాడు పోయేటప్పటి చీటీలు స్టేషన్‌లోనే ఉండిపోయేవి. అవి చూసి ఉంటే శనివారం పావుగంట ముందే చేరినట్టు కనపడేది. నేను అడగలేదు. లెక్కల పంతులమ్మను.

తమ్ముడు స్టూలు మూలకు జరిపాడు. వాడి మొహంలో ఆశ్చర్యం లేదు. వాణ్ణి చెయ్యి పట్టుకొని మెట్ల మీదికి లాగాను.

"నీకెరుకేనా?"

"ఎరుకే."

"ఎప్పటి సంది?"

"ఆఫీసుల కూసున్న మొదటి ఆయితారం సంది. అప్పటికింక పందెం గాలే."

మెట్టు మీద కూర్చుండిపోయాను. అదే మెట్టు. ఆ శనివారం వాడు గోడ పట్టుకొని కక్కుకున్న మెట్టు.

"మరి నాకు చెప్పకపోతివేందిరా? నేను ఠాణాకు పోయి అమీను కాళ్ళు పట్టుకుందు గదరా! ఒక్క మాట చెప్పకపోతివేంది?"

వాడు నా పక్కన కూర్చొని, అరిచేతికి అంటిన ముద్ర సిరా గోకుతూ నెమ్మదిగా అన్నాడు.

"చెప్పిన గదక్కా. ఆగలేదని నాలుగు వారాలు చెప్పిన."