పిన్ని ఎడమ చెయ్యి

ఆ లాండ్రీలో ఇస్త్రీ బల్లలు నాలుగున్నా, కాస్త ఖరీదైన బట్ట వచ్చిందంటే పిన్ని బల్ల మీదికే వెళ్ళేది. చిన్నా పెద్దా తేడా లేకుండా అందరూ ఆమెను పిన్ని అనే పిలిచేవారు. ఇస్త్రీలో చెయ్యి తిరిగిన మనిషి. అయితే ఆ తిరిగిన చెయ్యి కుడిదొక్కటే. ఏళ్ళ తరబడి బరువు లాగి లాగి కుడి ముంజేయి రోకలిలా గట్టిపడింది. ఎడమది బట్ట కొస పట్టుకోవడానికి తప్ప దేనికీ అక్కరకొచ్చేది కాదు.

ఒక ఉదయం బట్టలుతికే గదిలో తడి నేల మీద జారి, కుడి చెయ్యి ఆనించి పడింది. మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో మోచేతి దాకా కట్టు వేశారు.

"కట్టు విప్పేదాకా ఇంట్లోనే ఉండు పిన్నీ, నీ బల్ల ఎక్కడికీ పోదు" అన్నాడు యజమాని. కానీ చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆమెకు పుట్టుకతోనే రాలేదు. కొన్నాళ్ళు గోడలు చూసి చూసి విసిగిపోయి, లాండ్రీకి వచ్చి, ఉన్నవాటిలో తేలికైన ఇస్త్రీపెట్టెను ఎడమ చేత్తో అందుకుంది.

చొక్కా చేతి మీద ఒక్క మడత పడాల్సిన చోట రెండు పడ్డాయి.

"ఏం పిన్నీ, రైలు పట్టాలు వేస్తున్నావా?" అంది పక్క బల్ల ఆమె.

మర్నాడు పొద్దున ఎడమ చెయ్యి భుజం దాటి లేవలేదు. కలిసి ఉంటున్న చెల్లెలే జడ వేసింది. "ఒకటి విరగ్గొట్టుకున్నావు, రెండోది అరగ్గొట్టుకుంటున్నావు. రేపటి నుంచి అన్నం కూడా నేనే తినిపించాలి కాబోలు" అని గొణిగింది. ఆ మర్నాటికి నొప్పి ఇంకా ఎక్కువైంది. తర్వాత దానంతటదే తగ్గింది. మరికొన్నాళ్ళకు మడతలు తిన్నగా పడటం మొదలైంది. చెయ్యి చూస్తే మాత్రం అంతే సన్నగా ఉంది.

కండ రాకుండా పట్టు ఎలా వచ్చిందని ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయిని అడిగింది.

"మొదట్లోనే కండ పెరగదమ్మా. ఉన్న కండను ఎలా వాడుకోవాలో ముందు నరాలు నేర్చుకుంటాయి. కండ తర్వాత నిదానంగా వస్తుంది."

నిదానం అన్న మాట పిన్ని చెవికెక్కలేదు. పెద్ద ఇస్త్రీపెట్టె పట్టుకుని రోజూ పొద్దస్తమానం లాగింది. మోచెయ్యి వాచి, మంచినీళ్ళ గ్లాసు ఎత్తడం కూడా కష్టమైంది. ఈసారి ఆ అమ్మాయి గట్టిగానే చీవాట్లు పెట్టింది.

"కష్టపడ్డప్పుడు కండ అలిసిపోతుంది. ఊరుకున్నప్పుడే బాగుపడి బలపడుతుంది. మీరు ఊరుకోకపోతే అదెక్కడ పెరుగుతుంది?"

"ఊరుకోవడమే నాకు చేతకాదమ్మా."

"అయితే ముందు అది నేర్చుకోండి."

వాపు తగ్గాక రోజు విడిచి రోజు పనికి వెళ్ళింది. ఇంట్లో ఉన్న రోజు చెల్లెలి వంటకు వంకలు పెట్టేది. "విశ్రాంతి చేతికి ఇమ్మన్నారు. ఆ నోటికి కూడా కాస్త ఇవ్వరాదూ?" అనేది చెల్లెలు.

కట్టు విప్పిన రోజు కుడి చెయ్యి చూసుకుని పిన్ని ఏడ్చింది. విరిగినప్పుడు కూడా అంత ఏడవలేదు. రోకలి లాంటి చెయ్యి పుల్లలా అయిపోయింది. "ఇన్నేళ్ళ బలం ఇంతలోకే పోయిందా?" అంది.

ఆ అమ్మాయి కొన్నాళ్ళు ఆగి, పట్టు ఎంత ఉందో చూసే పరికరం చేతికిచ్చి నొక్కమంది. రెండు చేతులతోనూ నొక్కించి చూసి తలూపింది. "నేననుకున్నంత పోలేదమ్మా. ఒక చేత్తో కష్టపడితే రెండో చేతి బలం కూడా కొంత నిలుస్తుంది. మీ ఎడమ చెయ్యి ఆ మేలు చేసినట్టుంది."

పిన్ని ఎడమ చేతిని నిమురుకుంది. "అయితే ఇది మా చెల్లెల్లాంటిదే. సణుగుతూనే నన్ను చూసుకుంది."

"సణక్కపోతే నువ్వు వింటావా?" అంది పక్కనే ఉన్న చెల్లెలు.

తర్వాత నెలల తరబడి తడి తువ్వాలు పిండుతూ, మణికట్టు తిప్పుతూ, మధ్యమధ్య మానుకుంటూ కుడి చేతిని దారికి తెచ్చుకుంది. ఇప్పుడు పూటకొక చెయ్యి మారుస్తూ పని చేస్తోంది. వయసు మీద పడిందనుకుని ఇన్నాళ్ళూ భరించిన కుడి భుజం నొప్పి చాలావరకు తగ్గింది. ఎడమ చేతి దగ్గర జాకెట్టు బిగుతైతే దర్జీ కుట్టు విప్పి వదులు చేశాడు. మణికట్టు మాత్రం పూర్తిగా వెనక్కి వంగదు. చలికాలంలో కాస్త సలుపుతుంది.