మిల్లీ హ్రాబక్ చేతికి సరిపోయిన పిడి

మిల్లీ హ్రాబక్‌ను హాన్లన్ ఫెర్రీ పోలీసు శాఖలోకి తీసుకున్నది ఆమె మీద అభిమానంతో కాదు. గస్తీ ఉద్యోగాలు ఆడవాళ్లకూ ఇవ్వాలని 1973లో పైనుంచి గట్టిగా ఉత్తరం వచ్చింది. అప్పటికి దరఖాస్తు పెట్టిన ఆడమనిషి ఆమె ఒక్కతే. అంతకుముందు ఆరేళ్లు మా ఊరి పింగాణీ కర్మాగారంలో కప్పులకు చెవులు అతికించింది. వయసు ముప్పై దాటింది. పెళ్లి చేసుకోలేదు. తండ్రి స్టెఫాన్‌తో ఒహాయో నది వైపు దిగే వీధిలో చివరి ఇంట్లో ఉండేది. పొట్టి మనిషి, చేతులు ఇంకా చిన్నవి.

నా పేరు వర్నన్ టీగ్. ఆమెను నా గస్తీ కారులోనే, నాకు జోడీగా వేశారు. చెప్పబోయే కథలో నేను మెచ్చుకోదగ్గ పనేమీ చెయ్యలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

గురి పరీక్షలు పెట్టేవాడు సార్జెంట్ రస్క్. మా అందరి దగ్గరా ఆరు గుళ్ల రివాల్వర్లు ఉండేవి. ఆమెకు మాత్రం బీరువాలోంచి అయిదు గుళ్ల చిన్న రివాల్వర్ తీసి ఇచ్చాడు. "చిన్న చేతికి చిన్న తుపాకీ" అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా తన్నుతుంది. పైగా ఆ రకం రివాల్వర్లలో ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీకీ పిడికీ మధ్య ఖాళీ ఉంటుంది. నడిమి వేలు ఆ ఖాళీలోకి ఎక్కిపోతుంది. పేల్చిన ప్రతిసారీ కమ్మీ వచ్చి వేలి కణుపు మీద కొడుతుంది. పిడి అరచేతిలో తిరిగిపోతుంది. రెండో గుండుకు మళ్లీ పట్టు సర్దుకోవాలి.

అరవై గుళ్లలో నలభై రెండు తగిలితే పాస్. మొదటిరోజు ఆమెకు ఇరవై తొమ్మిది తగిలాయి. కణుపు వాచి నల్లబడింది.

"కప్పుకి చెవి అతికించినంత సులువు కాదమ్మాయ్ ఇది" అన్నాడు రస్క్.

"కప్పు నా చేతిలో ఎప్పుడూ జారలేదు సార్."

వెనకనుంచి ఎవరో "అవి చేతులా, పిల్లి పాదాలా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రెండోసారి ముప్పై మూడు. మూడోసారి కూడా తప్పితే ఇంటికే. ఆ సాయంత్రం ఆమెను ఇంటి దగ్గర దించబోతే తండ్రి నన్ను లోపలికి పిలిచాడు. స్టెఫాన్ ముప్పై ఏళ్లు ఇనుప కొలిమిలో అచ్చులు పోసిన మనిషి. ఊపిరితిత్తులు పాడై మానేశాడు. నాలుగు మాటలు మాట్లాడితే ఒకసారి ఆగి గాలి పీల్చుకునేవాడు. కూతురి వేలు చూశాడు, తుపాకీ అడిగాడు. ఆమె గుళ్లన్నీ తీసి ఇచ్చింది. దాన్ని మళ్లీ ఆమె చేతిలోనే పెట్టి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని చాలాసేపు చూశాడు.

"తప్పు నీ చేతిది కాదే. ఇదిగో, ఇక్కడ ఖాళీ ఉంది. నీ వేలు అందులోకి పోతోంది."

"పిడి మార్పించుకోమంటున్నాడు వర్న్. లావు చెక్క పిడులు దొరుకుతాయట" అంది మిల్లీ.

"ఈ చేతికి లావు పిడి పెడితే ట్రిగ్గర్ అందుతుందా నీకు? ఏం మాట్లాడుతున్నావయ్యా?" అని నా వైపు చూశాడు. "నింపాల్సింది ఆ ఖాళీ ఒక్కటే. మిగతాది ముట్టుకోకూడదు."

బల్ల మీద గసగసాల రొట్టెకు కలిపిన పిండి ఉంది. అందులోంచి బొటనవేలంత ముద్ద తీసి ఆ ఖాళీలో అద్ది "పట్టుకో, గట్టిగా" అన్నాడు. ఆమె పట్టుకుంది. వేలు ఎక్కడ ఆనిందో పిండిలో లోతుగా పడింది. అదే నమూనా. మర్నాడు దాన్ని చెక్కలో చెక్కి, ఇసుకలో అచ్చు తీసి, పాత కాఫీ కెటిల్ కరిగించి అల్యూమినియం ముక్క పోశాడు. ఆకురాయితో నున్నగా చేశాడు. రెండు పల్చటి ఇత్తడి రెక్కలు బిగించాడు. పిడి చెక్కల మరను కాస్త వదులు చేసి, ఆ రెక్కలను చెక్కల కిందికి దూర్చి మళ్లీ బిగిస్తే చాలు. తుపాకీకి ఒక్క గీత పడదు. గుండు పేలే యంత్రానికీ దానికీ సంబంధమే లేదు.

మూడోసారి ఆమెకు యాభై నాలుగు తగిలాయి. రస్క్ గురి అట్టలోని చిల్లులు రెండుసార్లు లెక్కపెట్టాడు.

"ఏంటిది, కింద?"

"పిడి అడాప్టర్ సార్. మా నాన్న చేశాడు."

రస్క్ ఆమె తుపాకీ తీసుకుని అయిదు గుళ్లూ పేల్చాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "మీ నాన్న ఇంకోటి చేస్తాడేమో కనుక్కుంటావా?"

అలా మొదటివాడు రస్క్. ఆ తర్వాత ఒక్కొక్కరే కదిలారు. సెలవురోజున ఆ వంటింటి బల్ల దగ్గర కూర్చుని గోధుమరంగు కాగితం మీద చెయ్యి పరిచేవాళ్లు. స్టెఫాన్ పెన్సిలుతో చుట్టూ గీసి, కణుపుల దగ్గర గుర్తులు పెట్టి, కింద పేరు రాసుకునేవాడు. డబ్బు ఇస్తే తీసుకునేవాడు కాదు. ఎవరైనా టమాటాలో చేపలో తెస్తే సంతోషించేవాడు. కొలిమి మానేశాక ఆ ఇంటికి మనుషులు రావడం అదే మొదలని మిల్లీ చెప్పింది. "నాన్న పొద్దున్నే గడ్డం గీసుకుంటున్నాడు వర్న్, మీరొస్తారని" అని నవ్వింది. పంతొమ్మిది మంది చేతులు గీశాడు. నాది ఏడోది. కెప్టెన్ లొమాక్స్‌ది పదకొండోది.

ఆ రెండేళ్లలో పిల్లి పాదాల మాట ఎవరూ ఎత్తలేదు. నా పక్కన అంత నమ్మకంగా కూర్చున్న మనిషి అంతకుముందు లేదు, ఆ తర్వాత కూడా లేదు.

1975 ఏప్రిల్‌లో ఒక మంగళవారం, పొద్దున పదకొండు గంటలకు పశువుల దాణా కొట్టునుంచి ఫోన్ వచ్చింది. డ్వేన్ కార్మొడీ అనేవాడు వేటతుపాకీ పట్టుకుని, అక్కడ పనిచేసే పెళ్లాం మీదికి వెళ్లాడు. అప్పటికే ఒక గుండు పైకప్పులోకి పేల్చాడు. నేను వెనక తలుపు వైపు పరుగెత్తాను. అది గడియ వేసి ఉంది. ముందునుంచి మిల్లీ వెళ్లింది. కింద పెట్టమని మూడుసార్లు అరిచింది. నాకు వినిపించింది. వాడు తుపాకీ గొట్టం పెళ్లాం వైపు తిప్పాడు. మిల్లీ రెండుసార్లు పేల్చింది. ఒక గుండు దాణా మూటలో దిగింది, ఒకటి వాడి భుజంలో. ఆ ఆడమనిషి బతికింది. వాడూ బతికాడు కానీ కుడిచెయ్యి మళ్లీ లేవలేదు.

డ్వేన్ వాళ్ల అన్నయ్య ఊరి కౌన్సిల్‌లో సభ్యుడు. పోలీసు శాఖ ఆయన కమిటీ కిందే ఉండేది. వారం తిరక్కుండా మాట మారిపోయింది. ఆడమనిషి కంగారుపడి కాల్చేసిందన్నారు. తుపాకీని తనకోసం మార్పించుకుందని, తాకితే పేలేలా చేయించుకుందని వాళ్ల వకీలు చెప్పాడు. బహిరంగ విచారణ పెట్టారు.

విచారణకు ముందురోజు మధ్యాహ్నం లొమాక్స్ మమ్మల్ని వరసగా నిలబెట్టాడు.

"రేపు పొద్దున తుపాకుల తనిఖీ. శాఖ ఎలా ఇచ్చిందో అలాగే ఉండాలి. అంతే."

బట్టలు మార్చుకునే గదిలో ఒకటే స్క్రూడ్రైవర్ ఉంది. అది చేతులు మారింది. మర వదులు చెయ్యడం, ముక్క లాగడం, మర బిగించడం. ఒక్కొక్కరికి నిమిషం కూడా పట్టలేదు. రస్క్ తనది కాఫీ డబ్బాలో పడేసి మూత పెట్టాడు. నా వంతు వచ్చింది. నేనూ తీశాను. పిల్లల చదువులు గుర్తుకొచ్చాయని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ నిమిషంలో నాకేమీ గుర్తుకు రాలేదు. నా ముందువాడు తీశాడు, నేనూ తీశాను.

మిల్లీది తీయడానికి లేదు. అది అప్పటికే విచారణకు సాక్ష్యంగా, చీటీ కట్టి ఉంది.

విచారణలో రస్క్ సాక్షి కుర్చీలో కూర్చుని, ఇలాంటి వస్తువును శాఖలో ఎవరూ వాడరని చెప్పాడు. నా వంతు వచ్చింది. వకీలు ఆ తుపాకీ ఎత్తి చూపించాడు.

"మీ తుపాకీకి ఇలాంటిది ఉందా ఆఫీసర్ టీగ్?"

"లేదు సార్."

ఆ నిమిషానికి అది నిజం. ఎప్పుడైనా ఉండేదా అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. మిల్లీ వైపు చూడకుండా దిగి వచ్చాను. ఆమె మూడుసార్లు హెచ్చరించడం విన్నానని మాత్రం చెప్పాను. అదొక్కటి చెప్పినందుకు ఆ రోజంతా నేను మంచివాణ్ణనుకున్నాను.

బయట మెట్ల మీద స్టెఫాన్ ఉన్నాడు, చుట్ట చుట్టిన గోధుమరంగు కాగితం చంకలో పెట్టుకుని. సాక్షుల జాబితాలో పేరు లేదని గుమస్తా లోపలికి రానివ్వలేదు. మేం దిగుతుంటే కాగితం విప్పాడు. గాలికి అది రెపరెపలాడుతోంది. పంతొమ్మిది చేతులు, కింద పంతొమ్మిది పేర్లు. రస్క్ టోపీ సర్దుకుంటూ దాటిపోయాడు. లొమాక్స్ అవతలి పక్కనుంచి దిగాడు. స్టెఫాన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇది నీ చెయ్యి కాదా బాబూ?"

"ఇంటికెళ్లండి మిస్టర్ హ్రాబక్. చలిగా ఉంది" అన్నాను.

"నేనడిగింది అది కాదు" అని ఆగి, గాలి పీల్చుకుని, "నువ్వు మా ఇంట్లో తిన్నావు" అన్నాడు.

మిల్లీ వచ్చి కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని నెమ్మదిగా చుట్టింది. "పద నాన్నా. వాళ్లకి తెలీక కాదు. తెలిసే చేస్తున్నారు."

అనుమతి లేకుండా మార్చిన ఆయుధం వాడిందని తేల్చారు. ఉద్యోగం తీసెయ్యలేదు. తీసేస్తే పైనుంచి మళ్లీ ఉత్తరం వస్తుంది. ఆడ ఖైదీల గదికి కాపలా వేశారు. రికార్డులో గస్తీ అధికారి అన్న హోదా దిద్ది 'తాత్కాలిక మేట్రన్' అని రాశారు. అయిదు నెలలకు తనే మానేసింది. పింగాణీ కర్మాగారం మళ్లీ తీసుకుంది. ఈసారి చెవులు అతికించే పని కాదు, కప్పులను వేలితో తట్టి, మోతను బట్టి పగుళ్లున్నవి ఏరేసే పని.

మేం నెల తిరక్కుండా అడాప్టర్లు మళ్లీ బిగించుకున్నాం. అవి లేకుండా గురి కుదరలేదు. నాలుగేళ్లకు శాఖ వాటిని అధికారికంగా అనుమతిస్తూ కాగితం పంపింది, కొత్తవి తెప్పించింది. దాని మీద సంతకం లొమాక్స్‌ది. తెప్పించినవి స్టెఫాన్ చేసినవాటంత బాగా కూర్చోలేదు. స్టెఫాన్ అప్పటికే లేడు. విచారణ జరిగిన ఏడాదే శీతాకాలంలో పోయాడు.

ఆయన పోయిన వారానికి నేను ఆ ఇంటికి వెళ్లాను. మిల్లీ తలుపు సగమే తీసింది.

"ఎందుకొచ్చావు వర్న్?"

"నేను చేసింది తప్పు. చెబుదామని..."

"ఎవరికి చెబుతావు?"

"నీకే."

"నాకు తెలుసుగా. తెలియనివాళ్లకి చెప్పు. కౌన్సిల్‌కి చెప్పు, పేపరు వాళ్లకి చెప్పు."

నేను నేల చూశాను. పింఛనుకు ఇంకా తొమ్మిదేళ్లున్నాయి.

"అదే. నీకు మనసు తేలికవడానికి నా గుమ్మం కావాలి. అంతేగా?" అంది. కోపంగా కూడా అనలేదు. తలుపు మూసింది.

1991లో, నేను పదవీ విరమణ చేశాక, మా ఊరి పేపరులో మొదటి పేజీలో ఒక ఫోటో వచ్చింది. కొత్తగా చేరిన ఒక చురుకైన అమ్మాయి. కింద 'హాన్లన్ ఫెర్రీ తొలి మహిళా గస్తీ అధికారి' అని రాశారు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆమెకు ఎవరు చెబుతారు? నేను పేపరు ఆఫీసుకు వెళ్లాను. సంపాదకుడు శాఖకు ఫోన్ చేసి కనుక్కున్నాడు.

"రికార్డులో ఆవిడ తాత్కాలిక మేట్రన్ అని ఉందండీ."

"నేను ఆవిడతో రెండేళ్లు ఒకే కారులో తిరిగాను."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

అన్నీ రాసి ఇచ్చాను. రస్క్ కాఫీ డబ్బా, స్క్రూడ్రైవర్, నా అబద్ధం, అన్నీ. నాలుగు పేజీలైంది. వాళ్లు లోపలి పేజీలో, ఎరువుల ప్రకటన కింద మూడు లైన్ల సవరణ వేశారు. తొలి మహిళా అధికారి మెల్లీ హార్బక్ అని ఒక మాజీ ఉద్యోగి తెలిపారు, అంతే.

ఆ మధ్యాహ్నం ఫోన్ మోగింది. పదహారేళ్ల తర్వాత ఆమె గొంతు విన్నాను.

"ఆ మాజీ ఉద్యోగివి నువ్వేనా?"

"నేనే. నాలుగు పేజీలు రాశాను మిల్లీ. వాళ్లు వెయ్యలేదు. పేరు కూడా తప్పు పడింది. రేపు వెళ్లి దిద్దిస్తాను."

"వద్దులే. ఆ మెల్లీ హార్బక్ ఎవరో, ఆవిడకే ఉండనీ. ఆవిడకి ఇక్కడ ఎవరితోనూ గొడవ లేదు కదా."

నేనేదో అనబోయాను. అప్పటికే పెట్టేసింది.

రెండేళ్లకు ఆమె పోయింది. తండ్రిలాగే ఊపిరితిత్తులే. ఆమెకైతే పింగాణీ దుమ్ము. శాఖ నుంచి ఎవరూ రాలేదు. కర్మాగారంలో ఆమెతో పనిచేసిన ఆడవాళ్లు ఆరుగురు శవపెట్టెను మోయడానికి నిలబడ్డారు. వాళ్లలో ఇద్దరు నాకంటే పెద్దవాళ్లు. చర్చి మెట్లు నిటారుగా ఉన్నాయి. నేను దగ్గరికి వెళ్లి ఒక పక్క నేను పట్టుకుంటానన్నాను.

"వద్దండీ, మేం చాలు" అంది వాళ్లలో పెద్దావిడ. నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను.